నర్సింలు భార్యకు రక్తం

నేను అబిడ్స్‌లో ఒక పంపుసెట్ల కంపెనీలో కంప్యూటర్లు చూస్తాను. పోయిన వేసవిలో మా పాత మెయిళ్లను క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటే, ఒకటి కొత్తదానిలా అందరి ఫోన్లలో మోగింది. "నా భార్యకు కాన్పు కష్టమైంది. అర్జెంటుగా రక్తం కావాలి. నాంపల్లి దవాఖానకు రండి." పంపింది మా అకౌంటెంట్ నర్సింలు. ఆరోజు ఆయన సెలవులో ఉన్నాడు. ఆఫీసంతా ఆటోలెక్కి పరిగెత్తాం. అక్కడ ఆ పేరుతో పేషెంటే లేదు. ఆయనకు ఫోన్ చేశాను.

"మా ఆమె పప్పు వండుతున్నది సార్. గా మెయిలు పాతది. ఆ బిడ్డ ఇప్పుడు పదో తరగతి."

"మేమందరం రక్తమియ్యనీకి వచ్చినం నర్సింలూ."



"అప్పుడు ఒక్కరు గూడ రాలే సార్."

ఎలాగూ వచ్చామని రక్తమిచ్చి, వాళ్లు పెట్టిన బిస్కెట్లు తిని వెనక్కి వచ్చాం. మెయిళ్లన్నీ చేరాల్సిన చోటికి చేరాయని సాయంత్రం రిపోర్టు రాశాను.