మేకు మీద రాగి

మొన్న ఖరగ్‌పూర్ ఇందా పేటలోని మా ఇంట్లో, బట్టలుతికే మనిషి నా తెల్లచీర మీద పడ్డ పసుపు మరకకు సబ్బు రుద్దింది. అది చూస్తుండగానే ఎర్రగా మారేసరికి చీర అక్కడే వదిలేసి, "మాసీమా, రొక్తో" అంటూ నా దగ్గరికి వచ్చింది. రక్తం అనుకుంది పాపం. నేను నిమ్మచెక్క తెచ్చి ఆ ఎరుపు మీద పిండితే మళ్ళీ పచ్చగా అయింది. యాభై దాటిన ఆ మనిషి మిగతా బట్టలన్నీ పక్కనబెట్టి, ఒకసారి సబ్బు, ఒకసారి నిమ్మరసం, నాలుగైదుసార్లు అలాగే చేసి చూసుకుంది. ఆ ముఖం చూస్తుంటే నలభై ఏళ్ళ వెనక ఈ ఊళ్ళోనే చూసిన ఇంకొక ముఖం గుర్తుకొచ్చి, ఆ పూటంతా నన్ను వదల్లేదు.

పెళ్ళయి శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్ వచ్చిన కొత్తలో, రైల్వే క్వార్టర్ల పక్కనున్న తెలుగు బడిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సైన్సు చెప్పే పని దొరికింది నాకు. మన ఈడువాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో సైన్సు చెప్పడమంటే పాఠం చదివి వినిపించడం, జవాబులు నల్లబల్ల మీద రాయడం, పిల్లలు వాటిని దించుకోవడం, అంతే. నేను చదువుకున్నదీ అలాగే. బి.యస్సీ.లో రసాయన శాస్త్రం తీసుకున్నానన్న మాటే గాని, ప్రాక్టికల్సులో బల్ల చుట్టూ మగపిల్లలు మూగితే, వెనక నిలబడ్డ ఆడపిల్లలం వాళ్ళ రికార్డులు తెచ్చుకుని రాసుకునేవాళ్ళం. మార్కులు మాత్రం బాగానే వచ్చాయి.

ఒకరోజు ఏడో తరగతిలో, మైలుతుత్తం కలిపిన నీళ్ళలో ఇనుపమేకు వేస్తే దాని మీద రాగి పేరుకుంటుందని పాఠం చెబుతున్నాను. రెండో వరసలో, ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల లేచింది. వాళ్ళ నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు.

"మీరు సూసినారా టీచర్?" అంది.

ఆ అడగడంలో పెంకితనమేమీ లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నేను చూశానన్నాను. ఆ పిల్ల తలూపి, కూర్చుని, నా మాట నోటుబుక్కులో రాసుకుంది. నమ్మకపోయినా బాగుండేది. నమ్మింది గనకనే రెండు రోజులపాటు అన్నం ముందు కూర్చున్నా, జడ వేసుకుంటున్నా ఆ అబద్ధమే మెదులుతుండేది. మా వారితో చెబితే, పుస్తకంలో ఉన్నదేగా, ఎవరికి తెలుస్తుందిలే అని తేలిగ్గా తీసేశారు. ఎవరికీ తెలియదన్నదే నాకు మరింత కష్టంగా తోచింది.

మూడోనాడు సాయంత్రం ఖరిదా బజారుకు వెళ్ళాను. నాకప్పటికి బెంగాలీ రాదు. మైలుతుత్తం అంటే దుకాణదారుకు అర్థం కాలేదు. ఆకాశం చూపించి, ఉప్పుగల్లు చూపించి, చివరికి "ఓ, తూతే" అనిపించుకుని పొట్లం కట్టించుకున్నాను. విషం సుమా, పిల్లలకు అందనివ్వకు అని ఆయన చేతులతోనే చెప్పాడు.

మర్నాడు తరగతిలో బల్ల మీద గాజుగ్లాసు పెట్టి, నీళ్ళలో ఆ నీలం పలుకులు కరిగించి, గరుకు కాగితంతో మేకు తోమాను. వేసేముందు పిల్లలతో చెప్పాను, నేను చూశానన్నది నిజం కాదని, ఇప్పుడు మీతోపాటే మొదటిసారి చూడబోతున్నానని. ఇరవయ్యారేళ్ళ నాకు ఆ రెండు మాటలు అనడం తేలిక కాలేదు. ఎవరూ నవ్వలేదు. మేకు నీళ్ళలో పడింది. నీళ్ళు తాకినంత మేరా ఎవరో లోపలినుంచి దీపం వెలిగించినట్టు ఎరుపు మొదలై, మా కళ్ళ ముందే చిక్కనయింది. నలభైమంది పిల్లలున్న గదిలో ఊపిరి చప్పుడు వినిపించింది. ఆ సమీకరణాన్ని నేను పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అది నిజంగా జరుగుతుందని మాత్రం ఆ రోజే తెలిసింది.

మరో రెండు రోజులకు, వర్క్‌షాపు సైరను మోగిన కాసేపటికి, నూనె మరకల చొక్కాతో ఒకాయన సైకిలు గోడకానించి బడిలోకి వచ్చాడు. వెనక ఆ పిల్ల. విషం ముట్టించానని తగవుకొచ్చాడనుకున్నాను. హెడ్మిస్ట్రెసు గారు కూడా కుర్చీలోంచి లేచారు. ఆయన మాత్రం చెప్పులు గడప బయట విడిచి లోపలికి వచ్చాడు.

"టీచరమ్మా, మా పాప ఒక మాట సెప్పినాది. నిజమో కాదో మీ నోటంట ఇందామని వొచ్చినాను" అన్నాడు.

నేను చెప్పమన్నాను.

"షాపులో ఇనప పలకల మీద గీతలు గియ్యాల. తెల్లటి ఇనుము మీద గీత కానరాదు. అందుకని తూతే నీళ్ళు పూస్తాం, ఎర్రగవుతాది, దాని మీద గీస్తాం. ఇరవై ఏళ్ళుగా పూస్తన్నాను. రంగనుకున్నాను. ఈ పిల్లేటో, అది రంగు కాదు, రాగి అంటాది."

"రాగే" అన్నాను.

"నీలం నీళ్ళలో రాగి ఎలగుంటాది?"

గ్లాసు తెచ్చి చూపించాను. రెండు రోజుల్లో నీళ్ళ నీలం వెలిసి లేతాకుపచ్చ అయింది. ఆ నీలంలో ఉన్నది రాగేననీ, ఇనుము నీళ్ళలోకి వెళ్ళిపోతూ రాగిని బయటికి నెట్టిందనీ చెప్పాను. ఆయన మేకును గోటితో గీరి, వెలుగులో తిప్పి, చాలాసేపు చూశాడు.

"అయితే ఇనుము కొంత ఎల్పోయి, దాని సోట్లో రాగి వొచ్చి కూకుందన్నమాట" అన్నాడు మెల్లగా. మేకు బల్ల మీద పెట్టి, "కుర్రతనంలో ఒకపాలి మా మిస్త్రీని అడిగినాను, నీలం పూస్తే ఎరుపెందుకొస్తాదని. పని సూసుకో అన్నాడు. మరెవుల్నీ అడగనేదు" అన్నాడు.

నేను మొదట చెప్పిన ముఖం అదే. అంతకు ముందుగాని తర్వాతగాని ఏ పిల్లవాడి ముఖంలోనూ అంత ఆశ్చర్యం నేను చూడలేదు.

ఆ శనివారం ఒంటిపూట డ్యూటీ ముగించుకుని, నున్నటి ఇనుపపలక ఒకటి పట్టుకొచ్చి పిల్లల ముందు పని చేసి చూపించాడాయన. గుడ్డతో మైలుతుత్తం నీళ్ళు పూస్తే పలకంతా రాగిరంగు తిరిగింది. ఉక్కుసూదితో దాని మీద ఒక్క గీత లాగాడు. వెంట్రుకంత సన్నం, వెండిలా మెరిసింది. తర్వాత వృత్తాలు. అంత నిండైన వృత్తాన్ని నేను నా జన్మలో గీయలేను. రోజూ సైరను మోగగానే సైకిళ్ళ మీద వరదలా పోయే ఆ జనమంతా, నేను నల్లబల్ల మీద సుద్దతో రాసేదాన్ని చేతులతో చేస్తున్నారని అప్పుడు తట్టి, ఒళ్ళు గగుర్పొడిచింది.

ఆ పిల్లకు సైన్సు మీద పెద్దగా మనసు నిలవలేదు, పెద్దయ్యాక బుకింగాఫీసులో టిక్కెట్లిచ్చే ఉద్యోగంలో చేరింది. దాన్ని పట్టుకున్నది వాళ్ళ నాన్న. కూతురి ఏడో తరగతి పుస్తకంతోనే నలభై దాటాక అక్షరాలు కూడబలుక్కున్నాడు. వీలైన శనివారాల్లో వచ్చి ఆఖరి బెంచీలో కూర్చునేవాడు, తుప్పు ఎందుకు పడుతుందీ, టంకం ఎలా అతుకుతుందీ అని పిల్లలతోపాటు చెయ్యెత్తి అడిగేవాడు. రిటైరైన రోజు సాటివాళ్ళు వేసిన దండలతోనే బడికి వచ్చి, ఆ పూట పాఠం పూర్తిగా విని ఇంటికెళ్ళాడు.

ఇప్పుడా తెలుగు తరగతులు లేవు, చేరే పిల్లలు లేరు. వర్క్‌షాపులో ఆ గీతలు కూడా యంత్రాలే గీస్తున్నాయని విన్నాను. నాకందులో ఫిర్యాదేమీ లేదు, పిల్లలు మాకంటే ఎన్నో ఎక్కువ చూస్తున్నారు. తెలియనిది ఏదైనా ఎదురైతే మనం కూడా చేతిలోని ఫోను తీసి అరనిమిషంలో చూసేసుకుంటాం, మరో అరనిమిషంలో మరచిపోతాం. ఒక ప్రశ్నను ఇరవై ఏళ్ళు లోపల దాచుకుని, జవాబున్న చోటు తెలిసిన రోజున చెప్పులు గడప బయట విడిచి లోపలికి వచ్చే మనిషి ఈ ఊళ్ళో ఇంకా ఎక్కడైనా ఉన్నాడేమో, ఉంటే అతను వెళ్ళి తట్టడానికి ఏ బడి తలుపు తెరిచి ఉందో, నాకు తెలియడం లేదు.