గసగసాల పానకం, వసకొమ్ము

పాప పుట్టిన ఏడాది చలికాలంలో, ఇంగ్లండ్‌లోని లీసెస్టర్‌లో, నేను ఇంట్లోనే కూర్చుని ఒక పని చేసేదాన్ని. వందల ఏళ్ల కిందట ఇంగ్లీషు ఇల్లాళ్లు చేత్తో రాసుకున్న వంట పుస్తకాలను ఒక గ్రంథాలయం స్కాన్ చేసి పంపేది. ఆ రాత పోల్చుకుని టైపు చేయాలి. పేరుకు వంట పుస్తకాలే గానీ సగం వైద్యం. మాంసం నిలవచేసే పద్ధతి పక్కనే దగ్గుకు నత్తల కషాయం, పసివాళ్లు నిద్రపోవడానికి గసగసాల కాయల పానకం.

పురిటికి సాయం వచ్చిన అమ్మ పాపను ఒళ్లో వేసుకుని పక్కన కూర్చునేది. నేను వాటిని తెలుగులో చెబుతుంటే వినేది.

"మనలాంటోళ్లేనే వీళ్లూ," అంది ఒకసారి.

మూడో నెలలో పాపకు జలుబు చేసి దగ్గు పట్టుకుంది. అమ్మ గుంటూరు నుంచి తెచ్చిన వసకొమ్ము తీసి, సానరాయి లేక కప్పు అడుగున అరగదీసి, తేనె కలపబోయింది. ఏడాది నిండేదాకా తేనె నాకించవద్దని, ఇంటికొచ్చి పసివాళ్లను చూసి వెళ్లే నర్సు, హెల్త్ విజిటర్ మరీ మరీ చెప్పి వెళ్లింది.

"వద్దమ్మా."

"నిన్ను పెంచింది దీంతోనే."

"ఇక్కడ ఒప్పుకోరు."

"ఒప్పుకోకపోతే? పిల్ల దగ్గుతుంటే చూస్తా కూర్చోమన్నారా?"

కప్పు తీసుకెళ్లి సింకులో కడిగేశాను. అమ్మ వసకొమ్మును మళ్లీ సంచిలో పెట్టేసింది.

మధ్యాహ్నం మనసు నిలవకపోయినా పని ముందు కూర్చున్నాను. పసిపిల్లల దగ్గుకు మందు ఉన్న పేజీ వచ్చింది. దాని కింద అదే చేతిరాతలో, వేరే సిరాతో ఆ పుస్తకం రాసిన ఇల్లాలు ఇంకొంత రాసుకుంది. ఈ మందు తన బిడ్డకే పట్టిందట. గుణం కనిపించలేదట. బిడ్డ పోయాడట. టైపు చేయడం ఆపేశాను.

"ఏముందే అందులో?" అంది అమ్మ.

చెప్పాను. అమ్మ పాప వైపు చూసింది.

"నీకు ముందు ఒక మగపిల్లాడు. వాడికీ ఇట్టాగే దగ్గు. నాకు తెలిసినవన్నీ పట్టాను. ఆసుపత్రికి బస్సు ఎక్కేసరికే..."

నాకొక అన్న ఉండేవాడని విన్నది అదే మొదలు. అమ్మ పాప చొక్కా పైకెత్తింది.

"ఇటు రా. డొక్కలెగరేస్తంది చూడు. ఫోన్ చెయ్యి."

మా డాక్టరు క్లినిక్‌కి ఫోన్ చేస్తే, ఊపిరి సంగతి విని, వెంటనే అంబులెన్స్ పిలవమన్నారు. ఆసుపత్రిలో పాపకు ఆక్సిజన్ పెట్టారు. డ్యూటీలో ఉన్న మా ఆయన పరుగున వచ్చాడు. ఛాతీలో సన్నటి గొట్టాలు వాచాయని, సమయానికే తెచ్చారని డాక్టరు చెప్పింది. ఆ మాట అమ్మకు తెలుగులో చెప్పాను. తల ఊపింది.

వారం తిరక్కుండానే పాపను ఇంటికి తెచ్చుకున్నాం. కానీ అమ్మ మారిపోయింది. నూనె రాయాలన్నా, నీళ్లు పోయాలన్నా, "చెయ్యొచ్చా?" అని నన్ను అడిగేది. "నన్ను అడగడమేంటమ్మా," అన్నా మానలేదు. అలా అడిగినప్పుడల్లా నాకు సింకులో కడిగేసిన కప్పు గుర్తొచ్చేది.

ఊరెళ్లే ముందు రోజు బట్టలు సర్దుకుంటూ, "ఆ పుస్తకం ఆవిడకి మళ్లీ పిల్లలు పుట్టారా?" అంది.

"ఆ తర్వాతవన్నీ వంటలేనమ్మా. తెలియదు."

మరో చీర మడతపెట్టింది. అప్పటికి ధైర్యం చేసి అన్న పేరేమిటని అడిగాను.

"పెట్టలేదు," అంది. "బాబూ అని పిలిచేవాళ్లం."