ఎనిమిదో నంబరు కారు

మా బావ నలభై ఏళ్ళు కట్టుడు పళ్ళు తయారుచేశాడు. నోళ్ళు చూసేది డాక్టర్లు. బావ దగ్గరికి వచ్చేవి ప్లాస్టర్ అచ్చులు మాత్రమే. వీధిలో ఎవరైనా ఎదురై నవ్వితే మనిషిని గుర్తుపట్టేవాడు కాదు కానీ, "ఆ పై వరస నాదే" అని నా చెవిలో అనేవాడు.

అదే పనిగదిలో కిటికీ కింద ఇంకో బల్ల ఉండేది. దాని మీద కార్లు. ఒకప్పుడు పందేల్లో పరుగెత్తి తుక్కయిపోయిన పాతకాలపు రేసు కార్లకు చిన్న నమూనాలు. ప్లాస్టిక్ ముక్కలన్నీ ఒక పెట్టెలో వస్తాయి, అతికించి రంగేస్తే కారవుతుంది. అందరి పనీ అక్కడితో అయిపోతుంది, బావది అక్కడ మొదలయ్యేది. చక్రాల చువ్వలు లావుగా ఉన్నాయని కోసి పారేసి, పళ్ళకు క్లిప్పులు కట్టే సన్నటి స్టీలు తీగతో ఒక్కో చక్రానికి అరవై చువ్వలు తనే అల్లేవాడు. సీటుకి పాత చేతిసంచి తోలును గీకి గీకి ఉల్లిపొరంత చేసి తొడిగేవాడు. నేను పుస్తకం పట్టుకుని ఆ గది మూల కుర్చీలో కూర్చునేదాన్ని. పేజీ తిప్పడం మరిచిపోయిన సాయంత్రాలు ఎన్నో.

అక్కకి అవంటే గిట్టదు. వాటి చుట్టూ దుమ్ము తుడిచేది తప్ప ఒక్కదాన్నీ ముట్టుకునేది కాదు.

"పొద్దంతా ఊళ్ళోవాళ్ళ పళ్ళు, సాయంత్రమంతా ఎవరూ ఎక్కని బండ్లు. పనికొచ్చేది ఒక్కటీ చెయ్యనని ఒట్టేమన్నా పెట్టుకున్నారా?"

"నువ్వోసారి నవ్వవే, పనికొచ్చే పని కనబడుతుంది" అనేవాడు బావ. అక్క నోట్లో ఉన్నవి ఆయన చేసిన పళ్ళే. నవ్వొచ్చినా మూతి బిగించుకుని వెళ్ళిపోయేది.

ఒకరోజు ఒక ముసలాయన్ని ఆయన కోడలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. కొత్త పళ్ళ సెట్టు చిగుళ్ళకి ఒత్తుకుంటోందని డాక్టరు పంపాడట. ఎనభై దాటిన మనిషి, చూపు పూర్తిగా పోయింది. కార్ల మెకానిక్కుగా బతికినవాడు కాబట్టి ఆ వీధిలో అందరూ పానా పెద్దాయన అంటారని కోడలే చెప్పింది.

బావ సెట్టు అరగదీస్తూ, "ఎక్కడ ఒత్తుతోందో మీరే చెప్పాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా పెదవీ నాలుకా పట్టేస్తాయి. కంటిని మాయ చెయ్యొచ్చు గానీ నోటిని చెయ్యలేం" అన్నాడు.

పెద్దాయన వినడం లేదు. ఆసరా కోసం చాచిన చెయ్యి కిటికీ కింది బల్లకు తగిలి, సగం అయిన కారు చక్రం మీద ఆగింది. వేళ్ళు మెల్లగా కదిలాయి.

"తీగ చక్రం! ఎవరు అల్లారిది?"

"నేనేనండీ."

"లోపలి వరస బయటి వరసకి ఎదురు వాలుగా ఉంది. తెలిసి చేశావా, కుదిరిందా?"

"తెలిసే."

పెద్దాయన కూర్చోకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. ఇరవై రెండో ఏట నుంచి పదకొండేళ్ళు ఒకే రేసు కారుకి పనిచేశాడట. ఎనిమిదో నంబరు. ఒక్కడే కూర్చునే బండి, ఆరు సిలిండర్లు. తర్వాత దాన్ని తుక్కు కింద కోసేశారు.

"ఇంకొక్కసారి దాన్ని చేత్తో చూసుకోవాలి నాయనా. తొందరగా చెయ్యగలవా? షుగరు కళ్ళు తీసుకుంది, పాదాల్లో స్పర్శ తీసుకుంది, ఇప్పుడు వేళ్ళ దగ్గరికొచ్చింది. ఈ చిటికెన వేలికి అప్పుడే ఏమీ తెలియడం లేదు."

బావ తలూపాడు. ఎదుటి మనిషికి కనబడదని గుర్తొచ్చి, "చేస్తానండీ" అన్నాడు.

ఆ రకం కారు పెట్టె దొరికింది, అసలు బండిలో పన్నెండో వంతు, జానెడున్నర పొడవు. దానికి తోడు కోడలు ఒక కాగితం ముక్క ఇచ్చింది. మామగారి చూపు పోయాక ఏదో పత్రిక పాత జ్ఞాపకాల పేజీలో వేసిన ఫొటో. కారు, పక్కన ముగ్గురు మనుషులు. ఫొటోలో పొగగొట్టాలు ఎడమపక్క ఉన్నాయి, పెట్టెలోని ముక్కల ప్రకారం కుడిపక్క రావాలి.

"పెట్టె తయారుచేసినవాడు ఏ ఆఫీసులోనో కూర్చుని చేసుంటాడు. ఫొటో తీసినవాడు కారు పక్కన నిలబడ్డాడు" అన్నాడు బావ. ఇంజనుని అడ్డంగా కోసి, కుడిది ఎడమకు మార్చి, మూతకి కొత్త బెజ్జాలు తొలిచి, పాతవి పూడ్చాడు. ఐదు నెలలు పట్టింది. ఇంజను మూతకి తోలు పట్టీలు, వాటికి నువ్వుగింజంత బకిల్సు. లాగితే ఊడేవి, పెడితే పట్టేవి.

పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. వేళ్ళు కారు ముక్కు దగ్గర మొదలై, చక్రాల మీదుగా, పట్టీల మీదుగా పాకాయి. మొహం వెలుగుతూ వచ్చింది. ఎడమపక్క గొట్టాల దగ్గర చెయ్యి ఆగింది. కుడిపక్కకి వెళ్ళింది. మళ్ళీ ఎడమకి వచ్చింది.

"బండి చాలా బాగుంది నాయనా. నాది కాదు."

"ఫొటోలో ఇలాగే ఉందండీ!"

ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతి కింద జానెడు పొడవున నున్నటి కాలిన మచ్చ. "డ్రైవరుకి కుడిపక్క నిలబడి వంగినప్పుడు వేడి గొట్టం అంటుకుంది. ఫొటో మరిచిపోతుందేమో గానీ ఇది మరిచిపోదు."

బావ ఆ ఫొటో వెతికి తీశాడు. కాగితం నా చేతికిచ్చాడు. ముప్పై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దినదాన్ని. అచ్చయిన తప్పు వెతకడం తప్ప నాకు వేరే విద్య రాదు. భూతద్దం పెట్టి కారుని వదిలేసి మనుషుల్ని చూశాను.

"బావా, ఇలా చూడు. ముగ్గురికీ చొక్కా జేబు కుడివైపుంది. ముగ్గురూ ఒకే తిక్క దర్జీ దగ్గర కుట్టించుకున్నారంటావా?"

పత్రికవాళ్ళు ఫొటో తిరగేసి వేశారు. కారు నంబరు ఎనిమిది. అద్దంలో చూసినా ఎనిమిదే. అందుకే ఎవరికీ పట్టుబడలేదు. సరిగ్గా ఉన్నదాన్ని ఐదు నెలలు కష్టపడి తప్పు చేసుకున్నాడు బావ.

"పోనీలే నాయనా, ఇంత చేశావు, చాలు" అన్నాడు పెద్దాయన.

"పై సెట్టు కిందా, కింది సెట్టు పైనా పెట్టి పంపితే ఊరుకుంటారా మీరు?" అన్నాడు బావ. అప్పటికే చేతిలో రంపం ఉంది.

ఈసారి ప్లాస్టిక్‌ని నమ్మలేదు. పంటి తొడుగు పోసినట్టే మైనంతో ఆరు గొట్టాలూ మలిచి, అచ్చు తీసి, లోహం కరిగించి పోశాడు. రెండుసార్లు పగుళ్ళొచ్చాయి. మూడోసారి అచ్చు పగలగొట్టినప్పుడు, ఆరు వంపులూ వచ్చి ఒకే గొట్టంలో కలిసిన ఆ చిన్న వస్తువు ఆయన అరచేతిలో మెరిసింది. మూడు అగ్గిపుల్లలంత పొడవుంటుంది, అంతే. మనిషి చెయ్యి ఇంత చెయ్యగలదా అనిపించింది. ఏడు వారాల్లో కారు సిద్ధమైంది.

పెద్దాయన వచ్చాడు. బావ కారుని చేతుల్లో పెట్టాడు. వేళ్ళు పాకాయి, కానీ ఎక్కడా ఆగలేదు.

"ఏదో బరువుగా ఉంది నాయనా. అంతవరకే తెలుస్తోంది" అన్నాడు మెల్లగా. కోడలు తల తిప్పుకుంది. ఏడు వారాల్లో ఆ వేళ్ళు మొద్దుబారిపోయాయి.

బావ పళ్ళ సెట్లున్న బల్ల వైపు చూశాడు. తర్వాత పెద్దాయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన చేతులతో సహా కారుని పైకెత్తాడు.

"పెదవికి ఆనించుకోండి."

పెద్దాయన కింది పెదవి కారు ముక్కు దగ్గర తాకింది. పక్కకి జరిగింది. "పట్టీ" అన్నాడు. "బకిలు." బావ మెల్లగా తిప్పుతున్నాడు. "ఒకటి... రెండు... మూడు..." ఆరు దాకా లెక్కపెట్టాడు. ఆ ఆరూ కలిసే చోట ఆగాడు.

"కుడిపక్కే" అన్నాడు. వెంటనే పెదవి చప్పున వెనక్కి లాక్కున్నాడు. "అబ్బ, కాలుతోంది నాయనా! ఇంకా చల్లారలేదు!"

నోరారా నవ్వాడు. బావ చేసిన రెండు వరసలూ కనబడ్డాయి.

గుమ్మంలో నిలబడ్డ అక్క తడిచేతులు తుడుచుకుని లోపలికొచ్చింది.

"ఏదీ, నన్నూ ఒకసారి పట్టుకోనివ్వండి" అంది.