అత్త ఏరుకున్న ఇత్తడి ఫిల్టరు

మామ చనిపోయిన ఏడాది ఆదోనిలో మా ఇంటికి గుడ్డ కాఫీ గతి పట్టింది. మరిగే నీళ్లలో పొడి వేసి, పాత పంచె చింపిన గుడ్డలో వడకట్టుకోవడం. మా ఆయన మారు మాట్లాడకుండా తాగేవాడు. నేను మాత్రం రోజూ సణిగేదాన్ని. డెబ్భైల చివరి రోజులవి. ఎమ్మిగనూరులో మా పుట్టింట్లో సంకటి ఒక పూట లేకపోయినా సర్దుకునేవాళ్లం గాని, ఫిల్టరు కాఫీ లేకపోతే ఎవరి మొహంలోనూ కళ ఉండేది కాదు.

ఇంట్లో ఫిల్టరు లేకుండా చేసింది అత్తే. పన్నెండో రోజు పోయిన మనిషి పేరు మీద పడక, గొడుగు, చెప్పులు, చెంబు దానమిస్తారు. వాటి పక్కన మామ ఇత్తడి ఫిల్టరును కూడా అత్త తెచ్చి పెట్టింది. "కాఫీ లేకుంటే ఆయన ఆడ ఎవరి మాటా యినడు" అంది. ఏడుస్తున్నవాళ్లం కూడా నవ్వేశాం. దానం పట్టినాయన అన్నీ మూట కట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాడు. అది ఆయన సొంతూరు.

మామ బడిపంతులు. సాయంత్రం బడి నుంచి రాగానే కాళ్లు కడుక్కుని, ఫిల్టరులో వేడినీళ్లు పోసి దాని ఎదురుగానే కూర్చునేవాడు. చుక్కలు ఆలస్యమైతే గోటితో దాని పక్కన టంగుమని ఒకటి కొట్టేవాడు. "కొడితే అది నీ బళ్లో పిలగాడా, బయపడి దిగనీకి" అని అత్త ఎగతాళి చేసేది. ఆ టంగుమనే చప్పుడు వినబడితే వీధిలో వాళ్లకు కూడా పంతులు ఇంటికొచ్చాడని తెలిసేది.

ఆయన పోయాక అత్త మొదట కాఫీ మానేసింది. తరువాత రాత్రి తిండి మానేసింది. ఆ తరువాత పగటి తిండి కూడా కెలికి వదిలేసేది. డాక్టరు చూసి, ఈమెకు జబ్బేమీ లేదు, బతకాలని లేదు, ఇట్లే ఉంటే వచ్చే ఎండాకాలం దాటదు అని మా ఆయనతో చెప్పాడు. మా అమ్మ నాకు ఊహ తెలియక ముందే పోయింది. నా తలకు నూనె పెట్టిన చెయ్యి అత్తదే. ఆమె కూడా పోతే నేనేం కావాలని గచ్చు మీద కూర్చుని ఏడ్చేదాన్ని. నా ఏడుపు చూసి ఆమె జాలి పడేది గాని, అన్నం మాత్రం తినేది కాదు.

ఒకసారి పుట్టింటికి బయలుదేరుతూ, వచ్చేటప్పుడు ఫిల్టరు ఒకటి కొనుక్కొస్తానని మా ఆయనతో అన్నాను. స్టీలుది తీసుకో, తోముకోవడం సులువని ఆయన అన్నాడు. గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్న అత్త కళ్లు తెరిచింది.

"ఎమ్మిగనూరులో యాడ కొంటావు?" అంది.

"బజార్లో పాత్రల అంగట్లో, అత్తా."

"నేనూ వస్తా."

నెలల తరబడి గడప దాటని మనిషి వస్తానంటే సంతోషంతో నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఎందుకు వస్తానందో ఆలోచించే తీరిక ఎక్కడిది.

ఆ రోజుల్లో అందరికీ స్టీలు పిచ్చి పట్టింది. తాతల నాటి ఇత్తడి బిందెలు, చెంబులు తూకానికి వేసి కొత్త స్టీలు సామాను తెచ్చుకునేవాళ్లు. అంగడి మూలలో ఆ పాత ఇత్తడి గుట్టగా పడి ఉండేది. పాతవాటి మీద పేర్లుంటాయి కదా. అంగడివాళ్లు ఆ పేర్లను ఆకురాయితో రాకి చెరిపేసేవాళ్లు. పేరు పోయిన చోట ఇత్తడి తెల్లగా, గజ్జి పట్టి మానిన చర్మంలా కనిపించేది. నాకు ఆ గుట్ట వైపు చూడాలంటేనే ఏదోలా ఉండేది.

మేం పోయిన అంగడాయన సాయిబు, పెద్దమనిషి. మాకు స్టీలు ఫిల్టర్లు వరసగా పెట్టాడు. నేను ఒక్కొక్కటి ఎత్తి వెలుతురుకు పట్టి చూశాను. రంధ్రాలు పెద్దవైతే పొడి కిందికి జారుతుంది, మరీ సన్నమైతే డికాక్షన్ దిగదు. పై గిన్నె కింది గిన్నెలో వదులు లేకుండా కూర్చోవాలి. పొడిని అణిచే బిళ్ల అంచు అన్ని వైపులా సమానంగా తాకాలి. ఒకటి బాగుందని పక్కన పెట్టుకున్నాను.

అత్త వాటి వైపు చూడనే లేదు. గుట్ట దగ్గరికి పోయి వంగి, చేయి లోపలికి పెట్టి ఒక ఇత్తడి ఫిల్టరు బయటికి లాగింది.

"దీంట్లో నీళ్లు పొయ్యప్పా" అంది.

"పాతది ఎందుకమ్మా, కొత్తవి ఇన్ని ఉండాయి గదా. ఇంక దానికి కళాయి గూడా పూయాల" అన్నాడు ఆయన. అయినా చెంబుతో నీళ్లు పోశాడు. అత్త కళ్లు మూసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. చుక్క తరువాత చుక్క పడుతుంటే ఆమె పెదవులు కదిలాయి. ఎవరికో జవాబు చెబుతున్నట్టు అనిపించింది.

"ఇదే" అంది.

కళాయి పూయించి తెచ్చుకున్న రోజు సాయంత్రమే అత్త తానే డికాక్షన్ దించింది, తానే తాగింది. ఆ రాత్రి ఇంత అన్నం అడిగి పెట్టించుకుంది. వారం తిరిగేసరికి నాతో కయ్యానికి దిగింది, పప్పులో ఉప్పు ఎక్కువైందని. ఆ తిట్లు నాకు అమృతం. ఇత్తడి ముక్కకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఒక్కటే నాకు నచ్చలేదు. అత్త రోజూ రెండు గ్లాసుల్లో కాఫీ పోసేది. మా ఆయన మిల్లు నుంచి వచ్చేసరికి చీకటి పడేది, నేను అప్పటికే తాగేసి ఉండేదాన్ని. రెండోది ఎవరికని అడిగితే "ఉండనీలేమ్మా" అనేది. కాసేపటికి తీయబోతే రెండు గ్లాసులూ ఖాళీగా ఉండేవి. ఆమే తాగిందని నాకు నేను చెప్పుకునేదాన్ని.

చలికాలం పోయి ఎండ ముదిరింది. మిట్టమధ్యాహ్నం ఆదోని వీధుల్లో కుక్క కూడా కదలదు. జిన్నింగు మిల్లుల వైపు నుంచి పత్తి పీచు గాలిలో తేలి వచ్చి కిటికీ ఊచలకు పట్టుకునేది. అలాంటి ఒక మధ్యాహ్నం అత్త మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తోంది. ఆమె అడుగుల చప్పుడు నా తల మీదే వినబడుతోంది. నేను కింద చాప మీద పడుకుని ఉన్నాను. వంటింట్లో టంగుమంది.

గోటి చప్పుడు. లేచి పోయి చూశాను. వంటింట్లో ఎవరూ లేరు. అత్త ముందే నీళ్లు పోసి పోయిన ఫిల్టరులో చుక్కలు ఒకటొకటిగా పడుతున్నాయి. నేను చూస్తుండగానే చుక్కలు తొందర తొందరగా పడడం మొదలైంది. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. భయం మాత్రం నిండా ఉంది. మిద్దె మీదికి పరుగెత్తి, ఆ మండే ఎండలో అత్త పక్కన కూర్చుండిపోయాను. ఇత్తడి వేడికి సాగితే అట్లా చప్పుడొస్తుందని మా ఆయన తరువాత తేల్చి చెప్పాడు. మామ గోటి చప్పుడును ఇత్తడి ఎక్కడ విని నేర్చుకుందో మాత్రం చెప్పలేదు.

ఆ మరుసటి రోజు ఫిల్టరును చింతపండుతో గట్టిగా తోమాను. గిన్నె మీద పేరు రాకి పారేశారు. మూత లోపలి వైపు రాకడం మరిచిపోయారు. నల్లటి మురికి కరిగిపోగా చుక్కలు చుక్కలుగా కొట్టిన రెండు అక్షరాలు పైకి తేలాయి. మా ఇంటిపేరుది ఒకటి, మామ పేరుది ఒకటి.

దానమిచ్చిన వస్తువు తిరిగి గడపలోకి వస్తే, పోయిన మనిషి దాన్ని అడగడానికి వెనకాలే వస్తాడని మా వైపు అంటారు. చేతిలో మూత పట్టుకుని తొట్టి దగ్గర కూలబడ్డాను. అత్తకు తెలిస్తే గుండె ఆగిపోతుందని మొదట అనుకున్నాను. అడగడానికి వచ్చినాయన ఊరికే పోతాడా, తోడు తీసుకుపోతాడేమోనని తరువాత అనుకున్నాను. అది అనుకున్నాక ఇంక నిలవలేకపోయాను.

ఫిల్టరును అటక మీద వడ్ల గంప వెనక దాచి, బజారుకు పోయి స్టీలుది తెచ్చాను. పాతదానికి రంధ్రాలు పూడిపోయాయి, బాగు చేయడానికి ఇచ్చానని అత్తకు చెప్పాను. ఆమె ఆ పూట కాఫీ ముట్టుకోలేదు. మరుసటి రోజు అన్నం కెలికి వదిలేసింది. ఆ పై రోజు గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. మెడ దగ్గర ఎముకలు మళ్లీ పైకి కనిపిస్తున్నట్టే ఉన్నాయి నాకు.

మామ వచ్చి తీసుకుపోతాడని భయపడి దాచాను. దాచినందుకు ఆమె తనంతట తానే పోయేటట్టుంది. ఆమెను అట్లా పోనివ్వడానికి నా మనసు ఒప్పుకోలేదు. ఆ సాయంత్రమే అటకెక్కి ఫిల్టరు దించి, తుడిచి, ఆమె ముందు పెట్టాను. ఏడుపు ఆగలేదు.

"అత్తా, ఇది మన ఫిల్టరే. దానమిచ్చిందే. మూతలో మామ పేరుంది" అన్నాను.

అత్త లేచి పొయ్యి మీద నీళ్లు పెట్టింది. పొడి వేసి, బిళ్లతో అణిచింది.

"తెలుసులేమ్మా. దానం పట్టినాయప్ప ఆ అంగట్లోనే ఏసినాడని ముందే కనుక్కున్యా. గుట్టలో సెయ్యి పెడితేనే తెలిసిపాయె."

"మరి తెలిసి ఎందుకు తెచ్చుకుంటివి? తిరిగి తెచ్చుకుంటే పోయినోళ్లు అడగనీకి వస్తారంటారు గదా."

నీళ్లు కాగాయి. అత్త వాటిని మెల్లగా ఫిల్టరులో పోసి మూత పెట్టింది. వీధి తలుపు దగ్గరికి పోయి గడియ తీసి వచ్చి, దాని ఎదురుగా కూర్చుంది.

"ఇంకెట్ల పిలిచేదమ్మా ఆయన్ని" అంది.