మూడున్నర గంటల దూరం

లేహ్‌లో విమానం దిగేసరికి ఉదయం ఏడు ఇరవై. చలి సున్నాకు పదకొండు డిగ్రీల కింద. ఆ గాలి ఒంటికి అలవాటయ్యేదాకా కింద ఆపారు. తర్వాత ట్రక్కులో రెండు రోజుల ప్రయాణం. మా ఆర్మీ పోస్టు ఎత్తు పదహారు వేల అడుగులు. బంకర్‌లో ఐదుగురం, ఒక కిరోసిన్ స్టవ్వు. ఏడు నెలలు అదే ఇల్లు.

మే మొదట్లో చెన్నూరు నుంచి చెల్లె భర్త ఫోన్ చేశాడు. పిల్లవాడి పుట్టెంట్రుకలకు పదహారున, పొద్దున పదిన్నరకు ముహూర్తం పెట్టించాడు. తర్వాత మూఢం. అది పోయేలోగా వాడికి మూడేళ్లు నిండుతాయి. మా ఇళ్లల్లో మొదటి కత్తెర వేయాల్సింది మేనమామ. మా చెల్లెకు అన్నను నేనొక్కడినే.

"నీ లీవు పద్నాలుగు నుంచి కదా బావా? ఫోన్‌ల చూసిన. లేహ్ నుంచి ఢిల్లీ గంటంబావు, ఆడికెల్లి హైదరాబాద్ రెండుంబావు. మూడున్నర గంటలే. ఫికర్ చెయ్యకు, రోజున్నర ఎక్కువే పెట్టిన."

మా రేడియో ఆపరేటర్ భైంసా వాడు. విని పగలబడి నవ్వాడు. "గీ పోస్టు నుంచి రన్‌వే దాకా మీ బావ ఎత్తుకపోతడా?"

నాకు ఒళ్లు మండింది. పోయి తీరతానన్నాను. ఒక రోజు ముందు వదలమని కమాండర్‌ను అడిగాను.

"రేషన్ ట్రక్కు దిగుతోంది, ఎక్కు. వాతావరణానికి మాత్రం నా ఆర్డర్ పనిచేయదు" అన్నాడు.

పదమూడున తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాను. పద్నాలుగు సాయంత్రానికి లేహ్. అక్కడ విమానాలు పొద్దున పూటే ఎగురుతాయి, మధ్యాహ్నం గాలి లేస్తుంది. పదిహేనున మబ్బు దిగి అన్నీ రద్దు. పదహారున ఏడు పదికి సీటు దొరికింది. పది ఇరవైకి ఢిల్లీలో, హైదరాబాద్ విమానం క్యూలో ఉన్నాను. చెల్లె ఫోన్.

"అన్నా, పెదబాపు కొడుకుతోని కత్తెర ఏయిద్దామంటుండ్రు."

"ఏయించు. నేను సాయంత్రం దాకా రాలేను."

"నువ్వు మంచుల నిలబడంగ వీళ్లు బువ్వ తిని మంచిగ పన్నరు. గిప్పుడు నీ కోసం ఒక్క పూట ఆగరా? మూఢమో గీఢమో, నేను ఏయనియ్య."

వెనక ఎవరో అరుస్తున్నారు. ఫోన్ పెట్టేసింది. నాకు ఏడుపు వచ్చింది. క్యూలో అందరూ చూశారు. చూడనీ.

హైదరాబాద్‌లో కారు మాట్లాడుకొని ఎక్కడా ఆగకుండా వచ్చాను. చెన్నూరు చేరేసరికి ఆరు పది. ఎండ ఇంకా గోడ మీద ఉంది. ముహూర్తం పెట్టిన అయ్యగారు వెళ్లిపోయాడు. చుట్టాలు తిని, అలిగి పోయారు. బావ అరుగు మీద తల దించుకుని కూర్చున్నాడు.

పోస్టు గురించి చెప్పమని అందరూ అడుగుతారు. మంచు గురించి ఎంతైనా చెబుతాను. కానీ కళ్లు మూసుకుంటే నాకు కనిపించేది మా చెల్లె. పొద్దున కూర్చున్న పీట మీదే కూర్చుని ఉంది. ఒళ్లో పిల్లవాడు నిద్రపోయాడు. ఎవరూ లాక్కోకుండా కత్తెరను పిడికిట్లో పట్టుకుంది. నన్ను చూసి చెయ్యి చాపి, వేళ్లు తెరిచింది. అరచేతిలో కత్తెర పిడి అచ్చు ఎర్రగా దిగి ఉంది.