పవర్‌హౌస్ రాజలింగు ఇంటి గుంత

చెల్పూర్‌లో పుట్టే కరెంటంతా రాజలింగు చేతి ఛాయ్ మీదే నడిచేది. ఆయన స్టవ్ ముట్టించకపోతే హైదరాబాద్‌లో ఫ్యాన్లు తిరిగేవి కావు.

అంతా అంటే మరీ అంతా కాదు. రాత్రి షిఫ్టు కరెంటు సంగతి ఖాయంగా చెప్పలేం, ఆ వేళకు ఆయన గుర్రు పెట్టేవాడు. పొద్దటి షిఫ్టు ఇంజనీర్లు మాత్రం ఆయన ఛాయ్ గొంతులో పడందే మీటల మీద చెయ్యి వేసేవాళ్లు కాదన్నది నిజానికి చాలా దగ్గరి మాట.

రాజలింగు ఆ పవర్‌హౌస్ క్యాంటీన్‌లో ఛాయ్ మాస్టర్. నౌకరీ అంతా ఆవిరి మధ్యే గడిచింది. అది బాయిలర్ ఆవిరి కాదు, పాల గిన్నె ఆవిరి. రిటైరయ్యాక భార్య చంద్రమ్మ పుట్టినూరు లింగాల ఘనపూర్ వచ్చి, జాగా తీసుకొని ఇల్లు మొదలుపెట్టాడు. ఆ ఊరికి ఆయన గురించి తెలిసింది ఒక్కటే: అల్లుడు పవర్‌హౌస్‌లో చేసి వచ్చిండు. ఏం చేసి వచ్చాడని వాళ్లు అడగలేదు, ఆయన చెప్పలేదు. చొక్కా జేబుకు మాత్రం ఒక టెస్టర్ తగిలించుకున్నాడు.

ఊళ్లో కరెంటు పోతే జనం ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. "ఎప్పుడొస్తది అల్లుడా?" అంటే ఆయన ఒకసారి తీగల వైపు, ఒకసారి మబ్బు వైపు చూసి, "యూనిట్ ట్రిప్పయినట్టున్నది. జరసేపట్ల ఎత్తుతరు" అనేవాడు. పోయిన కరెంటు ఎప్పటికైనా రాక తప్పదు కాబట్టి ఆయన మాట ఎన్నడూ పొల్లు పోలేదు. ఇంజనీర్ సాబ్ అన్నారు. పంచాయితీ ఆఫీసులో కుర్చీ వేశారు. బతుకంతా ట్రే పట్టుకొని, కూర్చున్నవాళ్ల ముందు నిలబడ్డ మనిషి ఆయన. ఆ కుర్చీ కోసం ఏమైనా చేస్తాడు. చేశాడు కూడా.

ఇంటి వైరింగ్ యుగేందర్‌కు ఇచ్చాడు. యుగేందర్ది మరిపెడ. జనగామ చుట్టుపక్కల ఇండ్లకు కరెంటు పని కంట్రాక్టు పట్టేవాడు. పనిలో గట్టివాడు, ఎప్పుడూ ఏదో పాట పాడుకుంటుండేవాడు. నోట్లో మాట మాత్రం ఆగేది కాదు.

మొదటి రోజు నుంచే ఇద్దరికీ పడలేదు. గోడలో పైపు దించితే రాజలింగు ఎత్తమనేవాడు, ఎత్తితే దించమనేవాడు. ఒకనాడు ఇంకా మీటర్ కూడా బిగించని బోర్డుకు టెస్టర్ ఆనించి, నలుగురూ వింటుండగా, "ఫేజ్ మంచిగనే వస్తున్నది" అన్నాడు. యుగేందర్ నవ్వు దాచుకోవడానికి గోడ వైపు తిరిగి మేకు కొట్టాడు. ఆ మేకు అవసరం అక్కడ లేదని రాజలింగుకు అర్థమైంది.

అయినా అది అక్కడితో పోయేదే. పోకుండా చేసింది ఛాయ్.

ఆ మధ్యాహ్నం చంద్రమ్మ కాగే ఛాయ్ తెచ్చింది. రాజలింగు ఏదో ఆలోచిస్తూ రెండు గ్లాసులు చేతికి తీసుకున్నాడు. కుడి చెయ్యి భుజం దాకా లేచింది, ఎడమ చెయ్యి మోకాలి దాకా దిగింది. ఛాయ్ మధ్యలో తాడులా సాగి, చుక్క కింద పడకుండా గ్లాసులో చేరింది. యుగేందర్ చేతిలో కట్టర్ ఆగిపోయింది.

"ఆగుండ్రి సార్. గీ పోసుడు నేను ఏడనో చూసిన."

రాజలింగు గ్లాసు గబుక్కున కింద పెట్టాడు. కాని ఆలస్యమైంది.

"క్యాంటీన్ రాజలింగు కాక! నువ్వేనా కాకా! నేను చెల్పూర్ల కేబుల్ పనికి వచ్చిన గదా ఒక ఏడు. నీ ఛాయ్ కోసం ఉన్న పని ఇడిసిపెట్టి ఉరికొచ్చేటోళ్లం!"

సార్ పోయి కాక అయింది. మీరు పోయి నువ్వు అయింది. పక్కన చంద్రమ్మ తప్ప ఎవరూ లేరు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవలకన్న చెప్పినవా?" రాజలింగు అడిగాడు.

"ఇప్పుడే గదా యాదికొచ్చింది. చెప్తే మాత్రం తప్పేంది కాకా? దొంగతనం చేసినవా ఏంది? ఊళ్లె ఇంజనీర్ సాబ్ అంటుంటే ఏమో అనుకున్న!" యుగేందర్ పొట్ట పట్టుకొని నవ్వాడు.

రాజలింగు కూడా నవ్వాడు. వాడికి ఇంకో గ్లాసు ఛాయ్ పోశాడు. పోస్తూనే, ఈ నోటిని ఎట్ల మూయాలా అని చూస్తున్నాడు.

మర్నాడు అమావాస్య. ఆ పక్క మేస్త్రీలు అమావాస్య నాడు తాపీ ముట్టరు. ఇసుక, కంకర అడ్డం లేక పెరడు ఖాళీగా దొరికిందని యుగేందర్ ఒక్కడే వచ్చాడు. మూలకు లోతుగా గుంత తవ్వి, పైపు దించి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు పోశాడు. పైన నీళ్లు చల్లి పూడ్చాడు. ఇంట్లో ఎక్కడన్నా కరెంటు లీకైతే మనిషి ఒంట్లోకి రాకుండా భూమిలోకి దిగిపోవడానికి వేసే ఎర్తింగ్ అది. పాట పాడుకుంటూ వేశాడు.

గోడవతల నుంచి పక్కింటి కట్టమ్మ చూసింది. ఆమెకు చూసిన దానికంటే కాస్త ఎక్కువే కనిపిస్తుంది. సాయంత్రం రాజలింగును గోడ దగ్గరికి పిలిచింది.

"అల్లుడా, ఆ కరెంటు పిలగాడు మీ పెరట్ల ఏం పాతిపెట్టిండో ఎరికేనా?"

"ఏం పాతిండు అత్తా?"

"అమాస పూట. పక్కన పిట్ట లేదు. బొగ్గులు పోసిండు, ఉప్పు పోసిండు, మల్ల బొగ్గులు, మల్ల ఉప్పు. నీళ్లు చల్లిండు. పెదవులు కదుల్తనే ఉన్నయి. బాణామతి గాకపోతే ఏంది గది?"

అది ఏందో రాజలింగుకు బాగా తెలుసు. ఎండాకాలం వస్తే పవర్‌హౌస్ ఎర్త్ గుంతల్లో నీళ్లు పొయ్యమని ఇంజనీర్లు పురమాయించేది ఆయనకే. క్యాంటీన్ బకెట్‌తో పోసేవాడు. ఎర్తింగ్ అత్తా, ప్రతి ఇంటికి ఉంటది అంటే కట్టమ్మ మూతి ముడుచుకొని వెళ్లిపోయేది. కథే లేదు.

ఆయన మెల్లగా ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు. తల పట్టుకున్నాడు.

"నువ్వు చూస్తే చూసినవు గని, ఎవలకు చెప్పకు అత్తా."

కట్టమ్మకు ఆ మాట చెప్పడమంటే డప్పు కొట్టి చాటమనడమే.

పొద్దున్నే పెరట్లో జనం నిండారు. పారలు పడ్డాయి. నల్లటి తడి బొగ్గు, మధ్య మధ్య తెల్లగా ఉప్పు బయటికి వచ్చేసరికి ఆడవాళ్లు పిల్లల్ని వెనక్కి గుంజుకున్నారు. అప్పుడే యుగేందర్ బండి మీద వచ్చాడు, హ్యాండిల్‌కు బల్బు హోల్డర్ల సంచి వేలాడుతూ. దిగకముందే ఎవరో బండి తాళం లాక్కున్నారు.

"ఏందిరా గిది?"

"ఎర్తింగ్ అన్నా. మీ బడికి ఉన్నది, పంచాయితీ ఆఫీసుకు ఉన్నది."

"మరి అమాస నాడే ఎందుకు పాతినవ్?"

"మేస్త్రీలు రాలే, జాగ ఖాళీ దొరికింది. నా మాట నమ్మకుంటే సార్‌ను అడుగుండ్రి. పవర్‌హౌస్ల చేసిండు గదా. సార్, జర చెప్పుండ్రి సార్."

మళ్లీ సార్ అయింది. అందరూ రాజలింగు వైపు తిరిగారు. ఎవరో పరుగెత్తి కుర్చీ తెచ్చి వేశారు. రాజలింగు కూర్చున్నాడు. జేబులోంచి టెస్టర్ తీసి, వంగి, బొగ్గు కుప్పకు ఆనించాడు. టెస్టర్ వెలగలేదు. బొగ్గుల కుప్పకు ఆనిస్తే అది ఎన్నటికీ వెలగదు.

"కరెంటుదైతే గిది వెలగాలె గదా," అన్నాడు నెమ్మదిగా, ఎవరినీ నిందించని గొంతుతో.

యుగేందర్ ముఖం మాడిపోయింది. "గీయన ఇంజనీర్ కాదు! చెల్పూర్ క్యాంటీన్ల ఛాయ్ పోసేటోడు! నేను తాగిన!" అని అరిచాడు.

పెరడంతా నవ్వింది.

"దొరికిపోయినంక ఎట్ల ఒర్రుతున్నడో చూడుండ్రి," అంది కట్టమ్మ.

గుమ్మంలో చంద్రమ్మ నిలబడి ఉంది. "చిన్నమ్మా, నువ్వన్న చెప్పు. నీ ముందటనే గదా అన్న," అన్నాడు యుగేందర్. చంద్రమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన కూర్చున్న కుర్చీ వైపు చూసింది. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

గుంతలోంచి ఉప్పు, బొగ్గు వాడి చేతులతోనే ఎత్తించారు. సిమెంటు గమేళాలో నింపి వాడి నెత్తికే ఎత్తారు. పొలిమేర దాకా నడిపించారు. గమేళా అంచు నుంచి నల్ల ఉప్పునీళ్లు కారి కళ్లలో పడుతుంటే, రెండు చేతులూ గమేళా మీదే ఉండి వాడు తుడుచుకోలేకపోయాడు. వెనక పిల్లలు డబ్బాలు వాయించారు. వాడు రాయికి తట్టుకొని పడ్డప్పుడు ఇంకా గట్టిగా వాయించారు. రాజలింగు కుర్చీలోంచి లేవలేదు.

తర్వాత జనగామ వైపు ఒక్క ఇల్లూ యుగేందర్‌ను పిలవలేదు. మరిపెడకు వాడి కంటే ముందే కబురు చేరింది. వాడు వైరింగ్ చేసిన ఇంట్లో బర్రె చస్తే వాడి లెక్కలోనే వేశారు. ఇప్పుడు మానుకోట మిర్చి యార్డులో బస్తాలు మోస్తున్నాడు. మిర్చి ఘాటుకు కళ్లలో నీళ్లు కారుతుంటే అక్కడెవరూ ఎందుకని అడగరు.

మిగిలిన పని జనగామ నుంచి వచ్చిన ఇంకొకడు ముగించాడు. ఎర్త్ ఏదని అడిగితే రాజలింగు, "ఉన్నది, నీ పని నువ్వు చేసుకో" అన్నాడు. గృహప్రవేశం ఘనంగా జరిగింది.

ఆ వారంలోనే ఫ్రిజ్ తలుపు చంద్రమ్మను జివ్వుమని గుంజింది. తర్వాత నల్లా గుంజింది. ఇంట్లో ఇనుముదేది ముట్టినా చెయ్యి జలదరించడం మొదలైంది. చూసినవా, బాణామతి ఇంకా ఇడవలే అంది ఊరు. ఇడవలే అన్నాడు రాజలింగు కూడా.

ఇంకో గుంత తవ్వి ఉప్పు, బొగ్గు పోస్తే అంతా సర్దుకుంటుంది. కాని పోస్తే ఊరు చూస్తుంది. కాబట్టి ఆయన రబ్బరు చెప్పులు కొన్నాడు. ఆ ఊళ్లో అందరి ఇండ్లకూ చెప్పులు బయట విడిచి లోపలికి పోతారు, రాజలింగు ఇంటికి మాత్రం తొడుక్కొని పోతారు. చంద్రమ్మ ఫ్రిజ్ తలుపు చెక్క తెడ్డుతో తీయడం నేర్చుకుంది.

బోరు మోటారుకు తెడ్డు పనిచేయలేదు. ఒక పొద్దున అది చంద్రమ్మను విసిరి గోడకు కొట్టింది. కుడి చెయ్యి విరిగింది. జనగామ దవాఖానలో రాజలింగు డాక్టర్‌తో, "మెట్ల మీద జారింది సార్" అన్నాడు. ఆ ఇంటికి ఇంకా మెట్లు కట్టలేదు.

"ఒక్క గుంత తవ్వియ్యరాదయ్యా," అంది చంద్రమ్మ, పిండికట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకొని. "నేను సచ్చినంక తవ్విస్తవా?"

ఆయన పార పట్టాడు. జామ మొక్క నాటుతున్నానని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు. గుంతలో బొగ్గు పోసి, ఉప్పు సంచి మూతి విప్పుతుండగా గోడ మీద కట్టమ్మ తల లేచింది.

"జామకు ఉప్పెందుకు అల్లుడా?"

ఎర్తింగ్ అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అది బయటపడితే యుగేందర్ నిజమవుతాడు. యుగేందర్ నిజమైతే క్యాంటీన్ నిజమవుతుంది. కిటికీలోంచి చంద్రమ్మ చూస్తూనే ఉంది.

"గొడ్లకు తెచ్చిన అత్తా. సంచి జారి పడ్డది," అన్నాడు. ఆయనకు గొడ్లు లేవు. బొగ్గు ఏరి బయట పారేశాడు. జామ మొక్క నాటాడు. అది బాగానే కాస్తోంది. చంద్రమ్మ చెయ్యి మాత్రం వంకరగానే అతుక్కుంది.

ఈ మధ్య మానుకోట నుంచి బదిలీ మీద వచ్చిన లైన్‌మన్ మహేశ్, యార్డులో యుగేందర్ నోట ఈ కథంతా విని, నేరుగా వచ్చి అడిగేశాడు. రాజలింగు అతన్ని కూర్చోబెట్టాడు. రబ్బరు చెప్పులు ముందుకు తోశాడు. చంద్రమ్మకు చెయ్యి సరిగా లేదు కాబట్టి ఛాయ్ తనే పెట్టి తెచ్చి, కుడి చెయ్యి భుజం దాకా లేపి, ఎడమ చెయ్యి మోకాలి దాకా దించి, చుక్క కింద పడకుండా గ్లాసులో పోశాడు.

"ఏ గుంత?" అన్నాడు గ్లాసు అందిస్తూ. "మా పెరట్ల జామ చెట్టుకు తప్ప ఎన్నడు పారనే పెట్టలే. యుగేందరా? గా పేరే ఇనలే. చంద్రమ్మ మెట్ల మీద జారింది. ఇగ క్యాంటీనంటవా, చెల్పూర్ల అసల్ క్యాంటీనే లేదు."