మేనేజరు ఆర్పని కర్పూరం

2024 ఎండాకాలం. ఉదయగిరి దగ్గర్లోని మా ఊళ్లో, మా ఇంటి వసారాలోనే బ్యాంకు మిత్ర కేంద్రం నడుపుతున్నాను. బ్యాంకు తరఫున ఊళ్లోనే డబ్బు ఇచ్చి పుచ్చుకునే పని ఇది. నా దగ్గర మైక్రో ఏటీఎం అనే చిన్న మిషను ఉంటుంది. దాని మీద వేలు పెడితే ఖాతాలో ఎంత ఉందో చూపిస్తుంది. అడిగినంత నేను లెక్కపెట్టి ఇస్తాను. ఊరంతా నన్ను బ్యాంకక్క అంటారు. డబ్బు చేతికొచ్చిన రోజు బ్యాంకు మంచిది, రాని రోజు బ్యాంకక్క దొంగ. ఈ ఉద్యోగం తీరే అంత.

చెంచమ్మది చెరువు పక్క కాలనీ. ఆమె మొగుడు వెంగయ్య చెరువులో చేపలు పట్టి, నెలనెలా కట్టే కంతుల మీద కొన్న మోపెడ్‌పై ఊళ్లమ్మట తిరిగి అమ్మేవాడు. ఆ ఏడు చెరువు నెర్రెలిచ్చింది. చేపలు లేవు, కంతులు ఆగిపోయాయి. వెంగయ్య నిమ్మతోటల్లో దొరికిన పని చేసి తిండికి తెస్తుంటే, చెంచమ్మ ఉపాధి హామీ పనిలో మట్టి మోసి ఆ కూలితో కంతు కట్టాలనుకుంది. ఈ నెలా కట్టకపోతే బండి ఎత్తుకుపోతామని ఫైనాన్సు వాళ్లు చెప్పి పోయారు. బండి పోతే రేపు చెరువు నిండినా వాళ్ల బతుకు మళ్లీ లేవదు.

కూలి పడిందని తెలిసి చెంచమ్మ వచ్చి వేలు పెట్టింది. మిషను చూపించింది చిల్లర.

"నా దుడ్లేవి బ్యాంకక్కా?"

"ఇంతే ఉండాది చెంచమ్మా."

"పోయినసారీ ఇదే మాట చెప్పినావు. వేలు పెట్టినప్పుడల్లా నీ మిషనే తింటా ఉండాది."

వసారాలో కూర్చున్నవాళ్లంతా నా వైపు చూశారు. నాకు ఒళ్లు మండింది. "నేను తిన్నానంటావా?" అన్నాను.

"అంకమ్మ గుడి కాడికి రా. కర్పూరం ఆర్పి చెప్పు."

మాట తేలనప్పుడు మా ఊరికి అదే కోర్టు. వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చేయాలి. అబద్ధమైతే అమ్మవారు చూసుకుంటుంది. అవమానంతో కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే పోయి ఆర్పాను. ఆమె రూపాయి నేను తినలేదని చెప్పాను. అంతే, ఆమెకు అనుమానం పోయింది. ప్రమాణమయ్యాక ఆ మాట మళ్లీ ఎత్తరు.

"నువ్వు కాదు. మరి ఎవురు తిన్నట్టు?" అంది.

అది తేల్చుకోవడానికే మర్నాడు ఇద్దరం ఆత్మకూరు బస్సెక్కాం. బండి కొన్నప్పుడు ఆమె ఖాతా అక్కడి బ్రాంచిలోనే తెరిపించారు. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి, కూరగాయల ధరలు చదివినట్టు చదివింది. బండి కంతు ఖాతాలోంచే తీసుకోవచ్చని చెంచమ్మ ఫైనాన్సుకు మ్యాండేట్, అంటే అనుమతి, ఇచ్చి ఉంది. డబ్బు లేక కంతు తిరిగిపోయిన ప్రతిసారీ బ్యాంకు రిటర్న్ చార్జీ అనే జరిమానా వేసింది. ఖాతాలో లేదు కాబట్టి దాన్ని బాకీగా రాసుకుంది.

తర్వాత జరిగింది ఇంకా అన్యాయం. కూలి పడగానే బ్యాంకు ముందు తన జరిమానా కోసుకుంది. అలా కోసుకోబట్టే కంతుకు చాల్లేదు. చాల్లేదని మళ్లీ జరిమానా. ఫైనాన్సు వాళ్లు కంతు కోసం ఒకే నెలలో మళ్లీ మళ్లీ బ్యాంకును అడిగారు, అడిగినప్పుడల్లా ఇదే వరస. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. ఇక్కడ పోటు వేసినవాడే పోటుకింత అని కూలి కూడా పుచ్చుకున్నాడు!

మేనేజరు గదిలోకి వెళ్లాం. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "సిస్టమ్ ఆటోమేటిక్‌గా కట్ చేస్తుందమ్మా. మా చేతిలో ఏమీ లేదు." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు మన బ్యాంకు మనిషివి. నువ్వే వీళ్లను వెంటబెట్టుకొస్తే ఎలా?" అన్నాడు. అంటే మట్టి మోసిన మనిషి 'వీళ్లు', ఆయనా నేనూ 'మనం'! నేను నోరు తెరిచేలోపే చెంచమ్మ కొంగుముడి విప్పి కర్పూరం బిళ్ల తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది ఆర్పి చెప్పు సార్. ఈ దుడ్లు న్యాయంగా మీ బ్యాంకువేనని."

ఆయన నవ్వాడు. మాటలు విని తలుపు దగ్గర చేరిన జనం నవ్వలేదు.

"బ్యాంకులో నిప్పు వెలిగించకూడదమ్మా."

"అయితే బయటికి రా సార్. మెట్ల మీద ఆర్పుదువు. ఈ బ్యాంకక్క ఆర్పింది. నువ్వెందుకు ఆర్పవు?"

ఆయన కర్పూరం వంక చూశాడు, జనం వంక చూశాడు. గొంతు సవరించుకుని, "కష్టాల్లో ఉన్నామని అప్లికేషన్ రాసివ్వండి. రివర్సల్‌కు చూస్తాను" అన్నాడు. రివర్సల్ అంటే కోసిన చార్జీ తిరిగి ఖాతాలో వేయడం. నిమిషం కిందట చేతిలో లేనిది ఇప్పుడెక్కడి నుంచి ఊడిపడింది? ఆ మాట పైకే అడిగాను. ఆయన కాగితం నా వైపు జరిపాడు.

అక్కడే రాసిచ్చాం. కంతు ఇకనుంచి చేత్తో కడతామని, మ్యాండేట్ ఆపమని ఇంకోటి రాశాం. వారం తిరిగేసరికి కోసినదాంట్లో సగం వెనక్కి పడింది. చెంచమ్మ ఆ డబ్బు పట్టుకుపోయి కంతు కట్టింది. బండి ఇంటి ముందే నిలిచింది.

ఆ రోజు నుంచి 'సిస్టమ్ కట్ చేసింది' అన్న మాట దగ్గర నేను ఆగడం లేదు. కోసిన చేతికి తిరిగి వేయడమూ వచ్చు, అడగనివాళ్లకు ఆ సంగతి చెప్పరంతే. నా మిషనులో ఎవరి కూలి తరిగిపోయి కనిపించినా అప్పుడే కూర్చోబెట్టి అర్జీ రాయిస్తున్నాను. మేనేజరుకు నేనంటే పడదు. పడకపోతే పోనీ.

ఆ సగం వచ్చినప్పుడు మాత్రం నేనే సంబరపడి, ఇక వదిలేద్దామన్నాను. చెంచమ్మ వదల్లేదు.

"అవి వాళ్ల దుడ్లే అయితే నాకు సగం ఎందుకిచ్చినారు? నావే అయితే సగం ఎందుకు పెట్టుకున్నారు?"

ఆ రెండు ముక్కలే పొల్లుపోకుండా రాసి, ఆమె చేత వేలిముద్ర వేయించి పై ఆఫీసుకు పంపాం. జవాబు రాలేదు. మిగతా సగం వచ్చింది.